ఆరిన తరువాతనే

కాకినాడ నుంచి పటాన్‌చెరుకు యాత్ర అని చెప్పుకొని బయలుదేరేవారు ఉండరు. పనుండి వెళతారు, పనయ్యాక ముక్కు మూసుకొని తిరిగివస్తారు. నేనూ పని మీదే వెళ్ళాను. ఈ తొంభైల నడుమ, మొన్నటి వానాకాలం చివర అక్కడ నాలుగు రోజులున్నాను. తిరిగివచ్చి చాలా వారాలైనా అక్కడ విన్న ఒక మాట నన్ను వదలడం లేదు. ఆ దిక్కుకు వెళ్ళనివారి కోసం, బహుశా ఎన్నడూ వెళ్ళబోనివారి కోసం, ఇది రాస్తున్నాను.

నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. రుజువు లేని మాటను నమ్మడం నాకు చేతకాదు. మా ఇంట్లో దీన్ని గుణంగా కాక జబ్బుగా లెక్కిస్తారు. రెండేళ్ళ కిందట రాఘవ అనే నా పూర్వ విద్యార్థి ఒక కాగితాల కట్ట పంపాడు. పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారంలో అతడు పర్యవేక్షకుడు. యంత్రాలకు తగిలించే ఇంగ్లీషు సూచనలను కార్మికుల కోసం తెలుగులో పెట్టమని కోరాడు. ముప్ఫైకి పైగా కార్డులు. ఒక్కో వాక్యాన్ని చెక్కి చెక్కి రాశాను.

ఈసారి వచ్చింది కట్ట కాదు, ఉత్తరం. నర్సింలు అనే కార్మికుడు నా కార్డుల్లో ఒకదాన్ని ఉల్లంఘించి, పొడిని వేడిగాలితో ఆరబెట్టే యంత్రం తలుపు తెరిచాడట. మంట ఎగసి కుడిచేయి కాలిందట. విచారణ జరుగుతున్నది, నిర్లక్ష్యమని తేలితే అతని ఉద్యోగం పోతుంది. కార్డులోని తెలుగు స్పష్టంగా, సందేహానికి తావులేకుండా ఉన్నదని, రాసినవాడిగా నేను వచ్చి సంతకం పెడితే చాలునట.

ఆ కార్డు మీది వాక్యం ఇది: "ఆరిన తరువాతనే తలుపు తెరవవలెను."

నాలుగు మాటలు. ఇంగ్లీషు మూలంలో ఉన్నది, చల్లబడ్డాకనే తెరవమని. 'చల్లబడిన' అనే సాగుడు మాట కంటే 'ఆరిన' అనే పొట్టి మాట నిక్కమైన తెలుగని ఎంచుకున్నాను. మా ఇంట్లో పొగలు కక్కే కాఫీని ముందు పెట్టి "ఆరనీ, తొందరెందుకు" అంటారు. ఆ వాక్యంలో లోపం పట్టగలవాడు ఉంటే రమ్మనండి అన్న ధీమాతోనే రైలెక్కాను.

సంగారెడ్డి: తొక్క, తొక్కు

సికింద్రాబాదులో ఎక్కిన బస్సు బొంబాయి రోడ్డు పట్టి పటాన్‌చెరు దాటుతుండగా కిటికీలోంచి ఒక తియ్యని ఘాటు లోపలికి వచ్చింది. ఫలానా ద్రావకమని ముక్కుతో తేల్చడం శాస్త్రం కాదు కనుక పేరు పెట్టను. పక్కన కూర్చున్న పెద్దాయనను ఇదేం వాసనండీ అని అడిగాను. ఆయన రెండుసార్లు గాలి పీల్చి, "ఏం వాసన సారూ? మాకేం వస్తలేదు గద" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిత్యం ఉన్నదాన్ని ముక్కు కొన్నాళ్ళకు పట్టించుకోదు.

సంగారెడ్డిలో బస. మధ్యాహ్నం బస్టాండు ఎదుట ఒక చిన్న హోటల్లో జొన్నరొట్టెలు అడిగాను. నడివయసు ఆవిడ రొట్టె విసిరినట్టుగా పళ్ళెంలో వేసి, చేతిలో గిన్నెతో నిలబడి, "తొక్కెయ్యాల్నా?" అన్నది.

"వద్దమ్మా, నేను తొక్కలు తినను" అన్నాను మర్యాదగా.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలెత్తారు. "తొక్కలు గాదు సారూ, తొక్కు! మామిడికాయ తొక్కు. నేను మీకు తొక్కలు వెడ్తనా? మీదేవూరు?"

"కాకినాడ."

"గందుకే" అని, నా అనుమతి కోసం చూడకుండా ఒక గరిటెడు వేసింది. మా వైపు పచ్చడి అనేదానికి ఇక్కడి పేరది. రెండు రొట్టెలు, పప్పు, తొక్కు కలిపి ఎనిమిది రూపాయలు. రుచికి ఆ ధర తక్కువని మాత్రం నిస్సందేహంగా రాయగలను. భాష ఒకటే కదా అన్న నమ్మకానికి అక్కడ ఒక చిన్న నెర్ర పడింది. అయినా తిండి పేర్లు ఊరూరికీ మారతాయి, క్రియలు మారవు కదా అని సర్దిచెప్పుకున్నాను.

నేను దిగిన గది విఠలయ్య సేటు అనే ధాన్యం వ్యాపారి దుకాణం మీద ఉన్నది. మూడు తరాలుగా జొన్నలు, కందులు కొని అమ్మే కుటుంబం. సాయంత్రం దిగివచ్చేసరికి ఆయన ఒక రైతు తెచ్చిన సంచిలోంచి నాలుగు జొన్నగింజలు తీసి, పంటి కింద కొరికి, "ఇంక ఆరలేదు పటేలా, రెండెండలు వెట్టుకరా" అని తిప్పి పంపేస్తున్నాడు.

నా మాట! ఉండబట్టలేక పక్కనే కూర్చుని అడిగాను. "సేటుగారూ, ఆరడమంటే ఎండటమే కాదు, చల్లబడటం కూడా కదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సల్లవడుడు వేరు, ఆరుడు వేరు సారు. బట్టలు ఆర్తయ్, జొన్నలు ఆర్తయ్. పాలు సల్లగైతయ్."

"మా ఇంట్లో పాలు ఆరాయి అంటామండీ."

"పాలు ఆరినయా?" సేటు గల్లాపెట్టె మీద చెయ్యేసి నవ్వాడు. "ఇగో, వింటున్నవానే?" అని లోపలికి కేకేశాడు. "సారోళ్ళింట్ల పాలు ఆర్తయంట! మనింట్ల పాలు ఆరినయంటే గిన్నె మాడిందన్నట్టు!"

లోపలి నుంచి ఒక స్త్రీ నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను. ఇంతదూరం నేను పెట్టుకొచ్చిన ధీమా ఒక పాలగిన్నెలో మాడిపోయింది. కానీ ఒక్క సాక్ష్యంతో నిర్ణయానికి రావడం నా అలవాటు కాదు. సేటు ఒక్కడు, పైగా గింజల వ్యాపారి. రేపు చూద్దామనుకున్నాను.

పటాన్‌చెరు: యంత్రం ముందు

మర్నాడు కర్మాగారపు ద్వారం దగ్గర రాఘవ ఎదురొచ్చి కాళ్ళకు నమస్కరించబోయాడు. "మాస్టారూ, మీరొచ్చారు, నా బరువు దిగిపోయిందండి. కాగితం తయారుగా ఉంది, సంతకమే తరువాయి" అన్నాడు. టైపు చేసిన కాగితంలో నా పేరు, అర్హతలు, కార్డులోని భాష సందేహాతీతమన్న వాక్యం ఉన్నాయి.

"ముందు యంత్రం చూస్తాను" అన్నాను.

మనిషెత్తు ఇనుప బీరువా. లోపల వరుసగా పళ్ళేలు, వాటి మీద తడి పొడి పరుస్తారు. వేడిగాలి ఆ తడిని, అంటే ద్రావకాన్ని, మోసుకుపోతుంది. తలుపు పక్కన ఉష్ణమాపకం ముల్లు. తలుపు మీద, పొడి దుమ్ముతో అంచులు తెల్లబడిన నా కార్డు. ప్రమాదం జరిగిన రోజు పై పళ్ళేలు బాగా ఎండినా, అడుగు పళ్ళెంలో తడి మిగిలి ఉండవచ్చు. వేడిగా ఉండగానే తలుపు తెరిస్తే గాలి చొరబడి అంటుకుని ఉండవచ్చు. నేనక్కడ లేను కాబట్టి ఇంతకంటే గట్టిగా చెప్పలేను. కానీ ఆ యంత్రం ముందు నిలబడి, నా వాక్యాన్ని మొదటిసారిగా నా బల్ల మీద కాక అది ఉండవలసిన చోట చదివినప్పుడు మటుకు దానిలోని లోపం నాకే కనబడింది. ఆ యంత్రం పనే ఆరబెట్టడం. దాని తలుపు మీద 'ఆరిన తరువాతనే' అని రాస్తే, ఆరవలసినది పొడి కాక మరేమిటి?

భోజనాల వేళ ఒక చిన్న పరీక్ష చేశాను. ఒకరు చెప్పింది మరొకరి చెవిన పడకుండా, కార్డును ఒక్కొక్కరికే విడిగా చూపి అర్థం చెప్పమన్నాను. సదాశివపేట కుర్రవాడు "మాల్ ఎండినంక తెర్వాలె" అన్నాడు. జోగిపేట నుంచి వచ్చిన పెద్దాయన "పొడి వేళ్ళకంటొద్దు, గప్పుడు తియ్యాలె" అన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకతను మాత్రం "సల్లబడ్డాక తియ్యాల" అని, నేనేదో తేలిక ప్రశ్న అడిగానన్నట్టు చూశాడు. బీహారు నుంచి వచ్చిన యువకుడు కార్డును తలకిందులుగా పట్టుకుని పక్కున నవ్వాడు. "హమ్ తెలుగు నహీ పఢ్‌తే, సాబ్. నర్సింలు భాయ్ జైసే కర్‌తే, హమ్ వైసేహీ." చదవడం రాదు, నర్సింలు ఎలా చేస్తే తామూ అలాగే చేస్తామని.

నా రెండేళ్ళ గర్వాన్ని కూల్చడానికి అంతమంది చాలు. రాఘవ నా చేతిలోంచి కార్డు అందుకున్నాడు.

"మాస్టారూ, ఆ కార్డును సరిచూసి సంతకం పెట్టింది నేనండి. నేనూ గోదావరివాణ్ణే కదండి, నాకు చల్లబడటమనే తోచింది. ఇప్పుడు మీరు కాదంటే నా గతేమిటండి?"

"నువ్వు చదివింది సరే. అతను చదివింది కూడా సరే" అన్నాను. దాని పర్యవసానం ఏమిటో అప్పటికింకా నాకే తెలియదు. నా సంతకంతో ఒక మనిషి ఉద్యోగం పోతుందని, సంతకం పెట్టకపోతే నా శిష్యుడు చిక్కుల్లో పడతాడని మాత్రమే తెలుసు. ఒక రోజు గడువు అడిగాను.

కర్దనూర్: ఆరనిది

మూడోనాడు ఏడు సీట్ల ఆటోలో పన్నెండో మనిషిగా కర్దనూర్ చేరాను. చోదకుడి సీటులో సగం నాది. దిగేటప్పుడు చొక్కా తలుపు కొక్కేనికి చిక్కి చిరిగింది. "పైలం సారూ!" అని అందరూ అరిచారు. జాగ్రత్త అని అర్థం అట. చిరిగాక తెలిసింది.

నర్సింలు ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కుడిచేయి మోచేతి దాకా కట్టు. నేను కంపెనీ మనిషిననుకుని లేచి నిలబడ్డాడు. కార్డు రాసింది నేనేనని చెప్పాను. తిట్టినా పడదామనుకున్నాను.

"మీరేనా సారు? కూసోండ్రి, కూసోండ్రి. మంచిగ రాసిన్రు" అన్నాడు అతను. "కడమ కార్డులు నోట్లె తిరగవు. గిదొక్కటి తిరుగుతది. 'ఆరిన తరువాతనే తలుపు తెరవవలెను.' కొత్తోళ్ళు వస్తే పాట లెక్క చెప్పిస్తుంటి. గా బీహార్ పోరలకు గూడ నేర్పిన."

తిట్లకు సిద్ధపడి వచ్చినవాడికి ఆ మెచ్చుకోలు తిట్టు కంటే బరువుగా తగిలింది.

"చెయ్యి ఎలా ఉంది?"

"ఆర్తున్నది సారు. పదిహేను దినాలల్ల మొత్తం ఆర్తదన్నడు డాక్టరు."

ఆ క్రియ ఇప్పుడు పుండును మాన్పుతున్నది.

"ఆ రోజు ఏమైంది నర్సింలూ?"

"ఏమైతది సారు? తీసెకంటె ముందు సందులకెల్లి పుల్లతోని పొడి దీసి సూసిన. సర్రసర్రమన్నది. ఆరినట్టే గద. తీసిన. భగ్గుమన్నది. సారోళ్ళేమో రాసింది సదువలేదంటరు. సదివిన సారూ. సదువకుంటె ముందుగాల్నే తీస్తుంటి."

అతని భార్య యాదమ్మ చేనులో ఉన్నదని, ఆమెతోనూ మాట్లాడమని తీసుకుపోయాడు. భర్తకు జీతం ఆగింది కాబట్టి ఆమె కూలికి పోతున్నది. ఊరవతల జొన్నచేనులో ఏడెనిమిదిమంది స్త్రీలు వరుసగా వంగి కలుపు తీస్తున్నారు. దూరాన పొగగొట్టాలు. గట్టు మీద నిలబడ్డాం. ముందు వరసలో ఉన్న యాదమ్మ మమ్మల్ని చూసింది కాని పాట ఆపలేదు. ఆమె ఒక పాదం అంటే మిగతావాళ్ళు చివరి మాట అందుకుంటున్నారు.

*చెరువుల నీరారె, చేన్ల పదునారె,*
*పొయ్యిల నిప్పారె, పొద్దు వోయె,*
*కడుపుల ఉన్నది ఆరదే కోడలా,*
*ఏ గాలికారేనొ, ఏ ఎండకారేనొ.*

నీళ్ళు ఆరాయంటే ఇంకిపోయాయని. పదును ఆరిందంటే తేమ పోయిందని. నిప్పు ఆరిందంటే మండటం ఆగిందని. మూడుసార్లు ఆ క్రియ వచ్చింది, ప్రతిసారీ తన అర్థంతో వచ్చింది. చెవికి ఎక్కడా తడబాటు లేదు. నాలుగోసారి 'ఆరదే' అన్నప్పుడు చేతుల వేగం తగ్గింది, గొంతులన్నీ కిందికి దిగాయి. నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. గాలి వీచిందేమోనని చూశాను. జొన్న ఆకు కదలడం లేదు. నేను నలభై ఏళ్ళు ప్రయోగశాలలో గడిపినవాణ్ణి. నా శరీరం నా అనుమతి లేకుండా ఒక వాక్యానికి బదులు చెప్పడం నాకు కొత్త.

అయినా పరీక్షించకుండా వదల్లేదు. వాళ్ళు నీళ్ళు తాగడానికి గట్టెక్కినప్పుడు నలుగురిని ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడిగాను. కడుపులో ఆరనిది ఏమిటి?

చిన్నపిల్ల, కొత్తగా కాపురానికి వచ్చినదట, చటుక్కున "ఆకలి సారు" అన్నది. "మా అమ్మమ్మ కరువుల పాడేదట. కడుపుల మంట ఆరదని."

రెండో ఆమె నేల చూస్తూ అన్నది. "బిడ్డ పోయిన దుఃఖం. నాకైతే గంతే. కన్నీళ్ళు ఆరవు గద."

మూడో ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. "అత్త పాడే పాట సారు గిది, 'కోడలా' అంటలేదా? కోడలి మీద కోపం ఆరదన్నట్టు. మా అత్తను సూస్తె మీకే ఎర్కైతది." అవతలి నుంచి ఎవరో "నీకేమో కడుపుల ఉన్నదంటె పిల్లగాడన్నవు గద మొన్న!" అని అరిచారు. చేనంతా నవ్వు.

ఆకలి అయితే అది నిప్పు, ఆరిపోవాలి. దుఃఖమయితే అది తడి, ఎండిపోవాలి. కోపమయితే వేడి, చల్లబడాలి. మా ఇంటి కాఫీ అర్థం కూడా ఆ పాటలో ఉన్నదన్నమాట, ఆ చేనులో ఎవరూ పాలు ఆరాయని అనకపోయినా. ముగ్గురు మూడు చెప్పారు. ముగ్గురి గొంతులూ ఒకే చోట దిగాయి. ఇది నాకు అంతుపట్టలేదు. ఒకరి తలలోని భావం మరొకరి తలలోకి చెక్కుచెదరకుండా చేరడమే భాష చేసే పని అని నేను నమ్మినవాణ్ణి. ఇక్కడ ఏదీ చెక్కుచెదరకుండా చేరలేదు, అయినా అందరికీ అందింది.

చివరికి యాదమ్మను అడిగాను. ఆమె చెంబెత్తి నీళ్ళు తాగి, మూతి తుడుచుకొని, నా ముగ్గురు సాక్షుల జవాబులూ విన్నది.

"అన్నీ గవే సారు."

"అన్నీ ఎలా అవుతాయమ్మా? పాట కట్టినవాళ్ళు ఏదో ఒకటి అనుకుని కట్టి ఉంటారు కదా."

"ఒక్కటే అయితె పాటెందుకు సారు? నోటితోని చెప్పెయ్యొచ్చు గద. ఆకలైతున్నది, అన్నం వెట్టు అని. ఆడమనిషి కడుపుల ఎన్నుంటయ్? ఏదని పేరు వెడ్తవ్? పేరు వెడ్తె కడమయి బయటుంటయ్."

ఆ గట్టు మీద నేను చాలాసేపు కూర్చున్నాను. వాళ్ళు మళ్ళీ వంగి పని అందుకున్నారు. విద్యార్థులకు సీసా మీద చీటీ గురించి నేనెప్పుడూ చెప్పేవాణ్ణి. ఒక సీసాకు ఒకే చీటీ, తప్పితే ప్రాణాలు పోతాయి అని. అది నిజమే. నర్సింలు చేయి దానికి రుజువు. కానీ భాషంతా సీసాల గది కాదు. పాటలోని మాట తలుపు తీసిపెట్టి ఉంచుతుంది, వచ్చినవారు తమ బాధతో లోపలికి వచ్చి కూర్చుంటారు. కార్డులోని మాట చదివేవాడు ఒక్క అర్థాన్నే పట్టుకుని కదులుతాడు, రెండోది ఉన్నదని కూడా అతనికి తెలియదు. నాకూ తెలియలేదు. 'ఆరిన' అని రాసినప్పుడు నా తలలో మా అమ్మ ఒక గ్లాసు నుంచి మరో గ్లాసుకు తీగలా పాలు పోయడం ఉన్నది. ఆ పాలు మాటతోపాటే వెళతాయనుకున్నాను. మాట ఒక్కటే వెళ్ళింది. ఇక్కడ దానికి జొన్నలు ఎదురొచ్చాయి.

పొట్టితనం కోసం, నిక్కమైన తెలుగు కోసం, నోట్లో తిరగడం కోసం ఆ మాటను ఎంచుకున్నాను. అంటే కార్డు మీద నేను పాట రాశాను.

మళ్ళీ పటాన్‌చెరు: విచారణ

నాలుగోనాడు కర్మాగారపు కార్యాలయంలో విచారణ. అధికారి హైదరాబాదు నుంచి వచ్చిన, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకునే ఒక పెద్దమనిషి. ఎదుట కట్టు చేయిని ఒళ్ళో పెట్టుకుని నర్సింలు. గోడవారగా రాఘవ. యాజమాన్యం తరఫున ఒకాయన కార్డును బల్ల మీద పెట్టి, నా సంతకం లేని కాగితాన్ని దాని పక్కన సర్దాడు.

అధికారి నర్సింలు వైపు కార్డు జరిపాడు. "చదువు."

నర్సింలు చదివాడు. తప్పు లేకుండా, అలవాటు కొద్దీ కొంచెం రాగంగా.

"ఇది రోజూ నీ కండ్ల ముందర ఉంటదా?"

"ఉంటది సార్."

"నీకు అర్థమైందా, కాలేదా? నిజం చెప్పు. కాలేదంటే అదొక లెక్క."

యాజమాన్యం మనిషి ముందుకు వంగాడు. అర్థం కాలేదంటే నర్సింలుకు ఒక దారి ఉన్నదని గదిలో అందరికీ తెలుసు. చదివినా బోధపడలేదని ఒప్పుకుంటే జాలి దొరుకుతుంది. నర్సింలు కార్డును తిరిగి అధికారి వైపు జరిపాడు.

"అర్థమైంది సార్. అందుకే తీసిన."

అధికారి కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి కిందికి దించాడు. నేను లేచాను. నాలుగు రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ ఆ ఒక్క వాక్యం ముందు అనవసరమనిపించాయి. అయినా చెప్పవలసింది చెప్పాను. ఈ వాక్యం రాసింది నేను. దీనికి కనీసం రెండు అర్థాలు ఉన్నాయి. నేను ఒకటి అనుకుని రాశాను, ఇతడు రెండోది చదివి తు.చ. తప్పకుండా పాటించాడు. ఈ ప్రాంతపు తెలుగులో, ఈ యంత్రం ముందు, ఇతని అర్థమే సహజమైనది. రాఘవ దాన్ని సరిచూసింది తాను పుట్టిన గోదావరి తెలుగుతో. అతనిది అశ్రద్ధ కాదు. తప్పు వాక్యానిది, అంటే నాది.

"రుజువేమిటండీ?" అని యాజమాన్యం మనిషి అడిగాడు. అది నేను ఇతరులను జీవితమంతా అడిగిన ప్రశ్న.

"భోజనశాల నుంచి ఎవరినైనా పిలవండి. ఒకరి తరువాత ఒకరిని" అన్నాను.

పిలిచారు. రెండో మనిషి లోపలికి వచ్చి "మాల్ ఎండినంక" అనేసరికే అధికారి చేయెత్తి చాలన్నాడు. తన కాగితం మీద చాలాసేపు రాసుకున్నాడు. సూచన ద్వంద్వార్థకమనీ, ఆజ్ఞను ధిక్కరించినట్టు రుజువు కాలేదనీ, నర్సింలు మీది అభియోగాన్ని కొట్టివేస్తున్నాననీ చదివి వినిపించాడు. ఆగిన జీతం ఇవ్వాలన్నాడు, చేయి బాగయ్యేదాకా గిడ్డంగిలో తేలిక పని చూపాలన్నాడు. రాఘవను ఏమీ అనలేదు. కార్డులన్నిటినీ పనిచేసేవాళ్ళతో చదివించి తిరగరాయాలన్నది మాత్రం అతని నెత్తినే వేశాడు.

ఆ యంత్రం కార్డుతో అక్కడే మొదలుపెట్టాం. నర్సింలు చెప్పాడు, నేను రాశాను. "చెయ్యి వెడితె సల్లగ తగలాలె" అన్నాడు అతను. వేడి యంత్రానికి చెయ్యి పెట్టడం కొలత కాదని నేను పట్టుబట్టాను. "మరి గా ముల్లున్నది గద సారు, దాన్ని రాయుండ్రి" అన్నాడు. బీహారు యువకుడి కోసం ముల్లు బొమ్మ గీయమన్నది కూడా అతనే. చివరికి తేలింది ఇది: వేడి ఆపు. ముల్లు ముప్ఫై అయిదుకు దిగాలె. దిగినంకనే తలుపు తియ్యి.

యాదమ్మ కూలి మానుకుని వచ్చి, పొద్దున్నుంచి గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని ఉన్నది. మమ్మల్ని చూసి లేచింది కాని, ఏమైందని అడగలేదు. భర్త మొహాన్ని చదివే ప్రయత్నం చేసింది.

"నౌకరి ఉన్నది" అన్నాడు నర్సింలు.

ఆమె కొంగుతో ఒకసారి మొహమంతా తుడుచుకున్నది. తరువాత నా వైపు తిరిగి, "మల్ల ఏం రాసిన్రు సారు? సదువుండ్రి" అన్నది. నా దగ్గరున్న చిత్తుప్రతి తీసి చదివాను. ఆమె తలవంచి శ్రద్ధగా విన్నది. ఇంకోసారి చదవమన్నది. చదివాను.

"పాటకైతె పనికిరాదు" అన్నది యాదమ్మ. "పోనీ తీయుండ్రి, చెయ్యి గాలదు."